మూత పలికే దాకా

పళ్లేన్ని ఎడమవైపు ఎత్తితే మందు కుడికి జారుతుంది, కుడివైపు ఎత్తితే ఎడమకు జారుతుంది, మధ్యలో ఆపకూడదు, ఆపితే ఒకచోట ఎక్కువ తిని మరొకచోట ఎంగిలి చేసి వదిలేస్తుంది, మారాం చేసే పిల్లల భోజనంలాగా. చిన్నకోడలు వంటింటి గట్టు దగ్గర స్టూలు మీద కూర్చుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, వేడినీళ్ల గిన్నెలో ఆనించిన ప్లాస్టిక్ పళ్లేన్ని అలా ఊపుతూనే ఉంది. అందులో ముదురు గోధుమరంగు మందు, మందు అడుగున అగ్గిపెట్టెకన్నా చిన్న, పైన రాగి పూత ఉన్న రేకు, రేకు మీద ప్రింటరు వేసిన పసుపు గీతలు. పసుపు ఉన్నచోట రాగి మిగులుతుంది, లేనిచోట మందు తినేస్తుంది, మిగిలిన రాగి గీతలే కరెంటు నడిచే దారులవుతాయి. ఆ దారుల మీద కరెంటు నడిస్తే మామగారికి గొంతు వస్తుంది. సాయంత్రం ఆయన అన్నగారు, పెదమామగారు, గడపలో కాలు పెట్టేలోగా రావాలి. వస్తుంది. రాకపోవడానికి వీల్లేదు.

గొంతు అంటే దేవుడిచ్చింది కాదు. అది పోయి చాలా కాలమైంది. గడ్డ అన్నారు, కోత అన్నారు, స్వరపేటిక మొత్తం తీసేసి మెడ ముందు ఊపిరి కోసం చిన్న రంధ్రం పెట్టి ఇంటికి పంపారు. ఆ తర్వాత టార్చిలైటంత గొట్టం ఒకటి చేతికిచ్చారు. దాని మూతిని మెడకు ఆనించి మీట నొక్కితే జుయ్యిమంటుంది, ఆ జుయ్యిని పెదవులతో నాలుకతో మాటలుగా మలుచుకోవాలి. నెలల తరబడి అఆలు దిద్దుకున్నట్టు సాధన చేశారు మామగారు. ఒకనాడు భోజనం దగ్గర యంత్రం మెడకు ఆనించి, ఇంటిల్లిపాదీ ముద్ద చేతిలో పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండగా, మొట్టమొదటి వాక్యం పలికారు: "కూరలో ఉప్పెక్కువైంది." అందరూ నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు, కూర వండిన తను అయితే కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఎగుడుదిగుడు లేని గొంతు అది, తుమ్మెద పుస్తకం చదివినట్టు. అయినా ఎంత తొందరగా అలవాటైపోయింది! ఇప్పుడు ఆయన పాత గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే ఈ తుమ్మెదే అడ్డం వస్తుంది. మనిషి గొంతు అంటే కంఠంలో ఉండేదా, వినేవాళ్ల చెవుల్లో ఉండేదా?

మూత సంగతి కూడా అప్పటిదే. ఆయన మంచం పక్క బల్ల మీద నీళ్ల చెంబు, దాని మీద కాస్త వదులుగా కూర్చునే స్టీలు మూత. ఆయన మాట్లాడినప్పుడల్లా ఆ మూత సన్నగా గిర్రుమనేది. మరి దేనికీ పలికేది కాదు, వీధిలో లారీ పోయినా పలికేది కాదు, ఆ జుయ్యి ఒక్కదానికే పలికేది. పెదమామగారు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. చూపు మెల్లమెల్లగా తగ్గి చివరికి వెలుగుకీ చీకటికీ తేడా తెలియని స్థితికి వచ్చాక ఆయనకు లోకమంతా చెవుల్లోకే వచ్చేసింది. "ఒరే, నీ పక్కన వంత పాడుతున్నది ఎవర్రా?" అని అడిగారు మొదటిసారి. "చెంబు మూత అన్నయ్యా" అని ఈయన. "బాగుంది. నువ్వేం చెప్పినా ఊఁ కొట్టేవాడు ఇన్నాళ్లకు దొరికాడన్నమాట." ఆ తర్వాత ఇద్దరూ కలిసి సాయంత్రపు ప్రార్థన చెప్పుకునేవారు, మొదటి సగం పెద్దాయన, రెండో సగం ఈయన, వెనకాల మూత. తను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వినేది. నవ్వు వచ్చేది. నవ్వు వెనకాల, ఎందుకో తెలియదు గానీ, చేతులు జోడించాలనీ అనిపించేది.

పళ్లెం ఎడమకు, కుడికి. ఒక మూల రాగి పలచబడి కింద ఉన్న లేత రంగు రేకు కనిపిస్తోంది. తింటోంది. తిననీ. ఎండ కిటికీలోంచి దిగి గట్టు అంచు దాకా వచ్చింది. అది పొయ్యి దాకా వచ్చేసరికి రేకు కడిగేయాలి, పొయ్యి దాటేసరికి అతుకులు వేసేయాలి. వాళ్లు ఎండ తగ్గాక బయలుదేరతారన్నారు. పెదమామగారి కొడుక్కి దూరానికి బదిలీ అయింది, సామాను ముందే వెళ్లిపోయింది, దారిలో ఒక్క పూట ఇక్కడ ఆగుతారు. ఆగుతామని అన్నది కూడా కొడుకే. పెద్దాయన ఏమీ అనలేదట. ఆగాక మాత్రం ఏముంది? ఒకాయన చూడలేరు, ఒకాయన పలకలేరు. ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో నీళ్ల గ్లాసులు పెట్టుకుని, ఆ పూటంతా... వద్దు, ఆ బొమ్మ చూడటం కూడా వద్దు.

ఎంత చిన్న మాట. ఒక సాయంత్రం ప్రార్థన మధ్యలో పెద్దాయన అన్నారు, "ఒరే, దేవుడికి ఈ రొద ఎందుకురా? మనసులో తలుచుకుంటే వినడా ఆయన? నువ్వు ఆయాసపడుతున్నావు." ఆయాసం వినే అన్నారు, అది తనకు తెలుసు, కానీ ఈయనకు రొద అన్న మాట ఒక్కటే వినపడింది. అఆల దగ్గర నుంచి దిద్దుకుని తెచ్చుకున్న గొంతును అన్నగారు రొద అన్నారు. ఈయన యంత్రాన్ని మెడకు గట్టిగా అదిమిపెట్టి, "చూడటం ఎలాగూ మానేశావు. వినడం కూడా మానెయ్. ఇక ఫోన్ చెయ్యకు" అన్నారు. ఎగుడుదిగుడు లేని గొంతులో కోపం కూడా సమతలంగానే వస్తుంది, అందుకే అది ఇంకా గట్టిగా తగులుతుంది. మూత దానికీ ఊఁ కొట్టింది, పాపం, దానికేం తెలుసు. మర్నాడు పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని మీట నొక్కితే యంత్రం దగ్గినట్టు రెండుసార్లు అని ఊరుకుంది. మళ్లీ అనలేదు. మామగారు పలక తెప్పించుకున్నారు. పలక మీద మొదట రాసింది: దేవుడే ఆపేశాడు.

దేవుడు అలా ఆపుతాడా? తను రోజూ దీపం పెట్టే మనిషే, దేవుణ్ణి కాదనదు. కానీ బొటనవేలంత రేకును మాడ్చి పగ తీర్చుకునేంత తీరిక, అంత చిన్న మనసు ఆయనకు ఉంటాయంటే నమ్మబుద్ధి కాదు. గొట్టం విప్పి చూస్తే లోపల రాగి గీతలు పచ్చగా చిలుము పట్టి, ఒకచోట పొడిపొడిగా రాలిపోయి ఉన్నాయి. రోజూ ఊపిరి తేమ తగిలి తగిలి అలా అయిందని వీధి చివర పాత టీవీలు బాగుచేసే బల్బు బాబాయి చెప్పాడు. అది అన్ని రోజులూ పట్టిన చిలుము, ఆ ఒక్క రాత్రి పట్టింది కాదు. ఆ మాట చెప్తే మామగారు పలక మీద రాశారు: ఆ రోజే ఎందుకు రాలింది? జవాబు లేని చోట చెయ్యి ఆడించడం మేలు.

పెదమామగారికి ఫోన్ తనే చేసింది. పలక మీద ఉన్నది ఉన్నట్టు చదివింది: తప్పు నాది, అలా అనకూడదు. అవతల పెదమామగారు మెత్తగా అన్నారు, "నువ్వు మంచిదానివి తల్లీ. ఇద్దరు ముసలాళ్లను కలపాలని నీ తాపత్రయం. తప్పు నాది అని మా వాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్కసారి అనగా నేను వినలేదు. నువ్వు చెప్తే నమ్మేయమంటావా?"

"నిజంగా రాశారు పెదమామయ్యా, నా ముందే ఉన్నారు."

మామగారు ఆత్రంగా రిసీవరు మీద వేలితో టకటక కొట్టారు.

"ఆ కొట్టింది నువ్వో వాడో నాకేమైనా కనిపించి ఏడుస్తుందా? వాణ్ణే అననీ" అని ఆయన పెట్టేశారు. అంతే. వాణ్ణే అననీ. యంత్రం తయారు చేసేవాళ్లు ఆ రకం మానేశారట, కొత్త రకం కోసం ఆసుపత్రిలో పేరు రాయించి వచ్చారు, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. వాణ్ణే అననీ అన్నారు కదా, సరే, అనిపిస్తాను అనుకుంది తను, ఎలాగో తెలియకుండానే.

ముందుగదిలో తనకు జిరాక్సు కొట్టు ఉంది కాబట్టి కాగితం, సిరా, ప్రింటరు కొత్త కాదు. పాత రేకును శుభ్రం చేసి, రాగి గీతలున్న వైపు స్కానరు మీద బోర్లించి, రాలిపోయిన చోట్ల కంప్యూటరులో గీతలు కలిపింది. బల్బు బాబాయి, జేబులో ఎప్పుడూ ఒక బల్బు వేసుకు తిరగడం వల్ల ఆ పేరు, మొదట ఇస్త్రీ పద్ధతి చెప్పాడు: నున్నటి కాగితం మీద బొమ్మను తిరగేసి ప్రింటు తీసి, రాగి మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో అదిమితే ప్రింటులోని నల్లపొడి రాగికి అంటుకుంటుందని. తిరగేసి తీయాలి, బోర్లించినప్పుడు అది సరిగ్గా పడుతుంది, అద్దంలో మొహంలాగా. ఎన్ని కాగితాలు, ఎన్ని రేకులు! ఒకసారి గీత తెగేది, ఒకసారి పొడి కాగితంతోపాటే లేచి వచ్చేది, ఒకసారి వేడెక్కువై పక్కపక్క గీతలు కలిసి ఉమ్మడి కుటుంబమయ్యేవి. చివరికి సిరా ప్రింటరుతో రాగి మీదే నేరుగా వేయిద్దాం అన్నాడు బాబాయి. కాగితం మింగే ప్రింటరు రేకును మింగుతుందా? పొట్ట విప్పి, పై భాగాన్ని చెక్కముక్కల మీద ఎత్తి, కింద రేకు దూరేంత సందు చేశారు. కాగితం వచ్చిందని ప్రింటరుకు చెప్పే చిన్న నాలుక ఒకటి లోపల ఉంటుంది, పలుచని డబ్బారేకు మీద రాగిరేకును అంటించి తోస్తే ఆ నాలుక నమ్మేసింది. నల్లసిరా మందులో కొట్టుకుపోయింది, ఎర్రది కరిగిపోయింది, పసుపు ఒక్కటే, పాత పెనం మీద వేడి చేస్తే, రాగిని పట్టుకుని నిలిచింది. ప్రింటరులో నలుపు ఉండాల్సిన గదిలో పసుపు సిరా నింపారు. బస్సు నడిపే భర్త డ్యూటీ నుంచి వచ్చి, గట్టు మీద పేగులు బయటపడ్డ ప్రింటరును చూసి, "మా నాన్న గొంతు కోసం దీని గొంతు కోశావా?" అన్నాడు. అని, తెల్లారేసరికి ఆ చెక్కముక్కల్ని తనే సమంగా చిత్రిక పట్టి ఇచ్చాడు.

గుమ్మంలో పలక కనిపించింది, పలక వెనక మామగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, తల దువ్వుకున్నారు, పెళ్లిచూపులకు కూర్చున్నవాడిలా ఉన్నారు. పలక మీద: అయిందా?

"అవుతోంది మామయ్యా. మీరు లోపల కూర్చోండి, ఇక్కడ వాసన."

ఆయన చెరిపి రాశారు: మళ్లీ పాడైతే?

"పాడవదు."

ఆయన కాసేపు పళ్లెం వంక చూసి, లేత నవ్వొకటి నవ్వి, రాశారు: నాకంటే మొండిదానివి. చొక్కా నలగకుండా జాగ్రత్తగా తిరిగి వెళ్లారు.

అక్కర్లేని రాగి అంతా పోయింది, గీతలు మిగిలాయి. పటకారుతో రేకును పైకి తీసి నీళ్లలో ముంచి, పసుపును గరుకు గుడ్డతో రుద్దేసరికి కొత్త రాగి మెరిసింది, వెంట్రుకంత గీత కూడా తెగలేదు. అమ్మయ్య అనుకుంటూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసింది. మూలన ఉండాల్సిన అక్షరం, ఏది పైభాగమో గుర్తుండటానికి తనే వేసిన చిన్న 'గ', ఎదురు మూలకు వెళ్లి వెనక్కి తిరిగి కూర్చుంది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తిరగేసి తీసింది. ఇస్త్రీ పద్ధతికి పెట్టిన తిరగేత అలాగే ఉండిపోయింది. నేరుగా వేసేటప్పుడు తీసేయాలి, తీయలేదు, రాగి మీద పసుపు కంటికి ఆనదు కాబట్టి వేసినప్పుడు కనిపించలేదు. అన్ని దారులూ ఉన్నాయి, అన్నీ అటువి ఇటు, ఇటువి అటు. ఏనుగును దాటించి తోక దగ్గర ఇరుక్కుంది. ఇంకో రేకు లేదు. ఇదే ఆఖరు ముక్క, పొద్దున బాబాయి తన డబ్బాలన్నీ బోర్లించి వెతికిచ్చినది.

ఆ రోజే ఎందుకు రాలింది అని మామగారు అడిగారు కదా, ఇప్పుడు తనూ అడగొచ్చు, ఈ ఆఖరి ముక్క మీదే ఎందుకు? కాదు. తిరగేత తీయనిది దేవుడు కాదు, తను. ఆయన మీదకు తోసేస్తే చెయ్యి ఖాళీగా కూర్చుంటుంది. కూర్చోదు. తండ్రీ, తప్పు నాదే, దారి మాత్రం నువ్వు చూపించు, చూపించకపోతే నేనే వెతుక్కుంటాను, అప్పుడు ఏమీ అనుకోకు. కోపంగా కుడిచేతి తొడుగు పట్టుకుని లాగింది. తడికి అంటుకుని ఉంది కదా, లోపలిది బయటకు తిరగబడి ఊడివచ్చింది. గట్టు మీద పడేసింది. బొటనవేలు ఇటు ఉండాలి, అటు ఉంది. కుడిచేతి తొడుగు, తిరగబడి, ఎడమచేతిదైపోయింది. చూస్తూ నిలబడింది. ఎండ పొయ్యి దాకా వచ్చింది. ఎడమచేతిదైపోయింది. అయితే, ఈ ఎడమ రేకు మీద కూర్చోవాల్సిన కుడి వస్తువును కూడా తిరగేస్తే? పాత రేకు నుంచి ఊడదీసిన ఎనిమిది కాళ్ల నల్ల చిప్పును బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు వెనక్కి వంచి అతికితే? ఎడమ కాలు కుడికి వస్తుంది, కుడి కాలు ఎడమకు. దారులు దారులకు దొరుకుతాయి.

ఫోన్ చేసింది. "బాబాయ్, చిప్పును వెల్లకిలా పడుకోబెడితే బతుకుతుందా?"

"మనిషైతే గురక పెడతాడు. చిప్పైతే పని చేస్తుంది" అన్నాడు బాబాయి, ఒక క్షణం ఆలోచించి. "ఏం, తిరగేశావా?"

"తిరగేశాను."

"నేను నా కొత్తలో టీవీనే తిరగేశాను, వార్తలు చదివే ఆయన ఒక పూటంతా తలకిందులుగా చదివాడు. చూడూ, కాళ్లు ఒక్కసారే వంచు, రెండోసారి వంచితే విరుగుతాయి. పక్కనున్న మూడుకాళ్లదాన్ని కూడా వెల్లకిలా వెయ్యడం మరిచిపోకు. గొంతు పాతదిలా రాకపోతే మరలాంటిది ఒకటి పెట్టాం చూశావూ, దాన్ని తిప్పు."

వంచింది. ఒక్కొక్క కాలూ, ఒక్కొక్క దేవుడి పేరూ. అతుకు కడ్డీ కొన దగ్గర సీసం కరిగి కన్నీటిబొట్టులా నిలబడి, రాగి మీదకు జారి, మెరిసి, గట్టిపడింది. చిప్పు తన పొట్ట మీద రాసిన పేరును రేకు వైపు దాచుకుని, వీపు ఆకాశానికి చూపించి... కాదు, వెల్లకిలా కదా, పేరే కింద, పొట్టే పైన, తనకే తికమక, పోనీ, అతుకులు తికమకపడకపోతే చాలు. ఎండ పొయ్యి దాటింది. ఆఖరి తీగ అతుకుతుండగా వీధిలో ఆటో ఆగిన చప్పుడు, "మెల్లగా నాన్నా, మెట్టుంది" అన్న గొంతు, గోడ తడుముతున్న చేతికర్ర. గొట్టంలో రేకు దూర్చి, పై డొప్ప బిగించకుండానే, మరతిప్పుతో సహా లోపలి గదికి పరుగెత్తింది.

పెదమామగారు కుర్చీలో కూర్చున్నారు, కొడుకు పక్కన నిలబడ్డాడు. ఎదురుగా మంచం మీద మామగారు, మోకాళ్ల మీద పలక. అన్నగారి మొహం చూస్తున్నారు, అన్నగారు గోడను చూస్తున్నారు. తను అనుకున్న బొమ్మే, నీళ్ల గ్లాసులతో సహా. మామగారి చేతిలో యంత్రం పెట్టింది. ఆయన దాన్ని మెడకు ఆనించి మీట నొక్కారు. పలికింది. సన్నగా, కీచుగా, దోమ పాట పాడినట్టు: "రా అన్నయ్యా."

పెదమామగారు చెవి అటు తిప్పారు. "ఎవరమ్మా ఈయన?"

"మామయ్యే పెదమామయ్యా."

"వాడి గొంతు నాకు తెలియదా? ఎవర్ని తెచ్చి కూర్చోబెట్టావు తల్లీ?"

మామగారి చెయ్యి కిందికి దిగిపోయింది. తను మంచం పక్కన నేల మీద చతికిలబడి, ఆ చేతిని మళ్లీ మెడ దగ్గరికి ఎత్తి, "ఆ అనండి మామయ్యా, ఆపకుండా" అంది. గొట్టం లోపలున్న చిన్న మరలో మరతిప్పు పెట్టి తిప్పింది. తుమ్మెద సరిగ్గా ఏ స్థాయిలో పలికేదో తనకు గుర్తు లేదు, గుర్తు చేసుకునే వ్యవధీ లేదు. చెంబు మీదున్న మూతను చూస్తూ తిప్పింది. దోమ కందిరీగ అయింది. మూత కదల్లేదు. కందిరీగ ఇంకాస్త బరువెక్కింది. మూత కదల్లేదు. ఇంకొంచెం. తండ్రీ, ఇంకొంచెం. తుమ్మెద. గిర్రున, సన్నగా, తడబడుతూ, బల్ల మీద మూత పలికింది.

పెదమామగారి తల పైకి లేచింది.

మామగారు కూడా విన్నారు. పలకను మంచం మీద బోర్లించారు. "అన్నయ్యా. తప్పు నాది. అలా అనకూడదు" అన్నారు. మూత ఊఁ కొట్టింది.

పెదమామగారు గాలిలోకి చెయ్యి చాచారు, తను ఆ చేతిని పట్టుకుని మామగారి మోకాలి మీద పెట్టింది. "నువ్వొక్కడివే అంటే నమ్మేవాణ్ణి కాదురా" అన్నారాయన. "రెండోవాడు కూడా సాక్ష్యం చెప్తున్నాడు, ఇంకేం చేస్తాను." ఆగి, గొంతు సవరించుకుని, సాయంత్రపు ప్రార్థనలో తన సగం మెల్లగా చెప్పారు. చెప్పి ఆగారు. మామగారు పెదవులు కదిలించారు గానీ మీట నొక్కలేదు, మనసులోనే చెప్పుకుంటున్నారు.

"పైకి చెప్పరా" అన్నారు పెదమామగారు. "మనసులో చెప్తే ఆయనకు వినపడుతుందేమో. నాకు వినపడదు."